నడుం నొప్పి మళ్ళీ రాకుండా: కైరోప్రాక్టిక్‌ను సరిగ్గా వాడుకునే పద్ధతి

డిష్‌వాషర్ కింది అరలోంచి ఒక చిన్న గిన్నె తీద్దామని వంగాను. అంతే, మళ్ళీ నిటారుగా లేవలేకపోయాను. వంటగది గట్టు పట్టుకుని, చెమటలు కక్కుతూ పది నిమిషాలు అలాగే నిలబడ్డాను. బరువెత్తలేదు, జారిపడలేదు. ఒక్క గిన్నె కోసం వంగానంతే.

మర్నాడు ఆఫీసులో పక్క సీటాయన తన కైరోప్రాక్టర్ (చేతులతో వెన్నును ఒత్తి, సర్ది నొప్పి తగ్గించే చికిత్సకుడు) దగ్గరకు పంపించాడు. మేముండేది అమెరికాలో, డాలస్ దగ్గర. ఇక్కడ షాపింగ్ సెంటర్లలో పిజ్జా కొట్టు పక్కనే కైరోప్రాక్టిక్ క్లినిక్ కూడా కనిపిస్తుంది. మూడు విజిట్లలో నా నడక మామూలైంది. హమ్మయ్య అనుకుని ఆ సంగతే మర్చిపోయాను. ఎనిమిది నెలలకు మళ్ళీ అదే చోట, అదే నొప్పి. రెండోసారి మంచం పట్టినప్పుడు ఒకటే ఆలోచన: వచ్చాక తగ్గించుకోవడం తెలిసింది, రాకుండా చూసుకోవడం ఎలా?

ఆరేళ్ళుగా చదివినవి, అడిగి తెలుసుకున్నవి, నా ఒంటి మీద చూసుకున్నవి కలిపి ఇది రాస్తున్నాను. నేను డాక్టర్ని కాను. కానీ ఈ విషయంలో తెలుగులో దొరికేవి చాలావరకు క్లినిక్‌ల ప్రకటనలే కావడం నన్ను బాధపెట్టింది. నాకు అర్థమైంది ముందే చెప్పేస్తాను. కైరోప్రాక్టిక్ నొప్పిని తగ్గించడంలో సాయపడుతుంది. కొందరిలో నొప్పి తిరగబెట్టే రోజుల్ని కూడా తగ్గిస్తుంది. నివారణలో పెద్ద వాటా మాత్రం ఆ చికిత్స టేబుల్ మీద జరగదు. విజిట్‌కూ విజిట్‌కూ మధ్య మనం ఎలా గడుపుతామన్న దాని మీద ఆధారపడి ఉంటుంది. అందుకే ఆరో అడుగు మిగతావాటికంటే పొడవుగా ఉంటుంది.

అసలిది ఎక్కడి వైద్యం

1895 సెప్టెంబరు 18న అమెరికాలోని అయోవా రాష్ట్రం, డావెన్‌పోర్ట్ ఊళ్ళో డి.డి. పామర్ అనే ఆయన, అదే భవనంలో పనిచేసే హార్వీ లిల్లార్డ్ వెన్ను మీద మొదటి అడ్జస్ట్‌మెంట్ (వెన్నుపూసను చేత్తో ఒక్కసారిగా ఒత్తి సర్దడం) చేశాడని చెబుతారు. దాంతో లిల్లార్డ్‌కు పోయిన వినికిడి తిరిగొచ్చిందని పామర్ చెప్పుకున్నాడు. వెన్నుపూసలు స్థానం తప్పి నరాలకు అడ్డుపడటం వల్లే రోగాలు వస్తాయన్నది ఆయన సిద్ధాంతం. అలా స్థానం తప్పడాన్ని 'సబ్‌లక్సేషన్' అంటారు. ఈ సిద్ధాంతానికి గట్టి ఆధారాలు దొరకలేదు. నేటి కైరోప్రాక్టర్లలో చాలామంది దాన్ని పక్కనపెట్టి కండరాలు, కీళ్ళ నొప్పుల మీదే పనిచేస్తున్నారు. పాత సిద్ధాంతాన్నే పట్టుకున్నవాళ్ళు కూడా ఉన్నారు. ఎవరు ఏ రకమో తెలుసుకోవడం మనకు అవసరం. ఆ విషయం మూడో అడుగులో చెబుతాను.

వెన్ను మీద ఒత్తిడి పెడితే హాయిగా ఉంటుందన్నది మనకు కొత్త కాదు. నడుం పట్టేస్తే ఎదురుకాళ్ళతో పుట్టినవాళ్ళ చేత తన్నించుకోవాలని మన ఊళ్ళలో ఇప్పటికీ అంటారు. మా తాతయ్య బోర్లా పడుకుని మనవళ్ళ చేత నడుం తొక్కించుకునేవాడు. దానివల్ల ఎముక ఏదో స్థానంలోకి వచ్చి కూర్చునేది కాదు. బిగిసిన కండరం కాసేపు సడలేది, మెదడుకు అందే నొప్పి సంకేతం కాసేపు నెమ్మదించేది. శిక్షణ పొందిన చేతులు చేసే మానిప్యులేషన్‌లోనూ (అడ్జస్ట్‌మెంట్‌కే ఇంకో పేరు) జరిగేది చాలావరకు ఇదేనని నేటి అవగాహన. తేడా ఏమిటంటే, ఎవరికి చేయకూడదో శిక్షణ ఉన్నవాళ్ళకు తెలుస్తుంది.

అడ్జస్ట్‌మెంట్‌లో వినిపించే 'టక్' చప్పుడు ఎముకలు రాసుకున్నది కాదు. కీలులోని జిగురు ద్రవంలో వాయువు బుడగ ఏర్పడినప్పుడు వచ్చేది. 2015లో కెనడాలోని ఆల్బర్టా యూనివర్సిటీ పరిశోధకులు వేళ్ళు విరుస్తుండగా ఎమ్మారై తీసి దీన్ని చూపించారు. చప్పుడు రాలేదంటే చికిత్స పనిచేయలేదని కాదు. పెద్ద చప్పుడు వస్తే గొప్ప చికిత్స అని కూడా కాదు. యూట్యూబ్‌లో ఆ చప్పుళ్ళ వీడియోలు చూసి క్లినిక్ ఎంచుకోకండి.

మొదటి అడుగు: వెళ్ళకూడని నొప్పిని గుర్తుపట్టండి

ఈ భాగం మాత్రం దాటేయొద్దు. కింద చెప్పినవాటిలో ఏది ఉన్నా కైరోప్రాక్టర్ దగ్గరకు కాదు, ముందు డాక్టర్ దగ్గరకు వెళ్ళాలి.

నడుం నొప్పితోపాటు మూత్రం ఆగిపోయినా, తెలియకుండా కారిపోతున్నా, మలద్వారం చుట్టూ, తొడల లోపలివైపు మొద్దుబారినా, రెండు కాళ్ళలోనూ బలం తగ్గుతున్నా అది అత్యవసరం. వెన్ను చివర ఉండే నరాల కట్ట నలిగిపోతోందేమోనని చూడాలి. రేపటిదాకా ఆగొద్దు. ఆలస్యమైతే ఆ నష్టం శాశ్వతం కావచ్చు.

జ్వరం, కారణం లేకుండా బరువు తగ్గడం, రాత్రి పడుకున్నా తగ్గకుండా నిద్రలేపే నొప్పి, గతంలో క్యాన్సర్ వచ్చి ఉండటం, ఇవీ ప్రమాద సూచనలే. మన దేశంలో వెన్నెముక టీబీ ఇప్పటికీ కనిపిస్తుంది. నెలల తరబడి నొప్పి, సాయంత్రాలు సన్నటి జ్వరం ఉన్నవాళ్ళ వెన్ను మీద ఎవరి చేతా ఒత్తించకూడదు. నడుం పక్కనుంచి గజ్జల్లోకి మెలిపెట్టినట్టు వచ్చే నొప్పి కిడ్నీలో రాయి కావచ్చు. పడిపోయాక, యాక్సిడెంట్ అయ్యాక మొదలైన నొప్పికి ముందు ఎముక విరగలేదని తేలాలి. ఎముకలు గుల్లబారిన పెద్దవాళ్ళయితే బాత్‌రూమ్‌లో చిన్నగా జారినా సరే.

ఇక మెడ. మెడను వేగంగా మెలితిప్పినప్పుడు మెదడుకు వెళ్ళే రక్తనాళం లోపలి పొర చిరిగి పక్షవాతం వచ్చిన సందర్భాలు ఉన్నాయి. అరుదే, కానీ వచ్చినప్పుడు జీవితం తలకిందులవుతుంది. ఇందులో ఇంకో చిక్కుంది. ఆ నాళం తనంతట తాను చిరగడం మొదలైనప్పుడు తొలి లక్షణం మెడ నొప్పే. అందుకే ఇంతకుముందెన్నడూ లేని రకం మెడ నొప్పి, తలనొప్పి హఠాత్తుగా వస్తే, కళ్ళు తిరగడం, రెండుగా కనిపించడం, మాట తడబడటం, నడక తూలడం తోడైతే వెంటనే ఆస్పత్రికి వెళ్ళాలి. మన దగ్గర 108, అమెరికాలో 911.

సెలూన్‌లో కటింగ్ అయ్యాక తల పట్టుకుని మెడ అటూ ఇటూ విరవడం మనకు మామూలైపోయింది. దయచేసి వద్దని చెప్పండి. పార్లర్‌లో మెడను సింక్ మీద బాగా వెనక్కి వంచి తల కడిగేటప్పుడు కూడా ఇలాంటి ప్రమాదం ఉందని 1993లోనే అమెరికా వైద్య పత్రికలో వచ్చింది. 2022లో హైదరాబాద్‌లో ఒక మహిళకు అలాగే జరిగింది.

రెండో అడుగు: ఎంత ఆశించాలో తేల్చుకోండి

2020 నాటికి ప్రపంచంలో 61.9 కోట్ల మంది నడుం నొప్పితో ఉన్నారని అంచనా. కొత్తగా వచ్చిన నడుం నొప్పి చాలామందిలో కొన్ని వారాల్లో, ఏ చికిత్స చేసినా చేయకపోయినా, చాలావరకు తగ్గుతుంది. అందుకే ఆ సమయంలో ఏ వైద్యం చేయించుకున్నా అదే తగ్గించిందనిపిస్తుంది.

మరి మానిప్యులేషన్ పనిచేస్తుందా? కొంత చేస్తుంది. 2017లో అమెరికన్ కాలేజ్ ఆఫ్ ఫిజీషియన్స్ ఇచ్చిన సూచనల్లో కొత్త నడుం నొప్పికి మందులకంటే ముందు ప్రయత్నించదగ్గ వాటిలో కాపడం, మసాజ్, ఆక్యుపంక్చర్‌తోపాటు దీన్నీ చేర్చారు. ఆధారాల నాణ్యత తక్కువేనని కూడా రాశారు. దీర్ఘకాలిక నడుం నొప్పి మీద 2019లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వచ్చిన సమీక్ష, సాధారణంగా సిఫారసు చేసే మిగతా చికిత్సలతో ఇది దాదాపు సమానంగా పనిచేస్తుందని తేల్చింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 చివర్లో ఇచ్చిన మార్గదర్శకాల్లోనూ దీనికి షరతులతో కూడిన చోటు దక్కింది.

ఇదంతా నడుం, మెడ నొప్పుల సంగతి. సుగర్, ఆస్తమా, సంతానలేమి తగ్గుతాయని, రోగనిరోధక శక్తి పెరుగుతుందని ఎవరైనా చెబితే అక్కడినుంచి లేచి వచ్చేయండి. పసిపిల్లల వెన్ను మీద చేయిస్తామన్నా అంతే.

మూడో అడుగు: ఎవరి దగ్గరకు వెళ్ళాలి

అమెరికాలో దారి సులువు. డాక్టర్ ఆఫ్ కైరోప్రాక్టిక్ డిగ్రీ, జాతీయ పరీక్షలు, ఆపైన రాష్ట్ర లైసెన్సు, ఇవన్నీ ఉంటేనే ప్రాక్టీసు చేయగలరు. ప్రతి రాష్ట్రానికీ ఒక బోర్డు ఉంటుంది. దాని వెబ్‌సైట్‌లో పేరు కొట్టి లైసెన్సు ఉందా, క్రమశిక్షణ చర్యలేమైనా ఉన్నాయా అని ఐదు నిమిషాల్లో చూసుకోవచ్చు. ఇన్సూరెన్స్ ఏడాదికి ఎన్ని విజిట్లకు ఇస్తుందో ముందే ఫోన్ చేసి అడగండి. మెడికేర్ (65 దాటినవాళ్ళకు అమెరికా ప్రభుత్వం ఇచ్చే ఆరోగ్య బీమా) ఉన్న పెద్దలకు వెన్ను మీద చేతితో చేసే మానిప్యులేషన్‌కే డబ్బు వస్తుంది. కైరోప్రాక్టర్ రాసే ఎక్స్‌రేకు రాదు, నొప్పి లేనప్పుడు చేయించుకునే మెయింటెనెన్స్‌కూ రాదు.

ఇండియాలో పరిస్థితి వేరు. కైరోప్రాక్టర్ల కోసం ప్రత్యేకంగా చట్టబద్ధమైన కౌన్సిల్ లేదు. రెండు వారాల కోర్సు చేసినవాళ్ళు కూడా క్లినిక్ పెట్టుకోగలరు. హైదరాబాద్, విజయవాడ, విశాఖల్లో విదేశాల్లో పూర్తి డిగ్రీ చదివినవాళ్ళు దొరికితే సరే, సర్టిఫికెట్ చూపించమని అడగడంలో తప్పులేదు. దొరకకపోతే బీపీటీ, ఎమ్‌పీటీ చదివి మాన్యువల్ థెరపీలో అనుభవమున్న ఫిజియోథెరపిస్టు దగ్గరకు వెళ్ళండి. మానిప్యులేషన్, కీళ్ళను నెమ్మదిగా కదిలించే మొబిలైజేషన్ వాళ్ళకూ వస్తాయి. పైగా వ్యాయామాలు నేర్పడం వాళ్ళ వృత్తిలోనే భాగం. మా చెల్లి గుంటూరులో ఉంటుంది. తనకు నేనిచ్చిన సలహా ఇదే.

ఇక ఎవరు ఏ రకమో తేల్చుకోవడానికి, దేశం ఏదైనా నాకు బాగా ఉపయోగపడిన పరీక్ష ఒకటుంది. ఫోన్‌లోనే అడగండి: "చికిత్సతోపాటు ఇంట్లో చేసుకోవడానికి వ్యాయామాలు నేర్పిస్తారా?" నసిగారంటే వేరే చోటు చూసుకోండి.

నాలుగో అడుగు: మొదటి విజిట్

మంచి మొదటి విజిట్‌లో మాటలు ఎక్కువ, ఒత్తడం తక్కువ. ఎప్పుడు మొదలైంది, ఏం చేస్తే పెరుగుతోంది, కాల్లోకి పాకుతోందా, ఏ మందులు వాడుతున్నారు అని అడగాలి. కాలి బలం, రిఫ్లెక్స్, స్పర్శ చూడాలి. రెండు నిమిషాలు మాట్లాడి టేబుల్ ఎక్కమంటే ఎక్కకండి.

మీవైపునుంచి చెప్పాల్సినవి కూడా ఉన్నాయి. రక్తం పలచబడే మందులు, ఏళ్ళ తరబడి వాడిన స్టెరాయిడ్లు, ఎముకలు గుల్లబారడం, కీళ్ళవాతం, గతంలో జరిగిన ఆపరేషన్లు, గర్భం. అడగకపోయినా చెప్పండి.

ఎక్స్‌రే సంగతి. ప్రమాద సూచనలు లేని కొత్త నడుం నొప్పికి మొదటి ఆరు వారాల్లో ఎక్స్‌రేలు, స్కాన్‌లు అక్కర్లేదని అమెరికన్ కైరోప్రాక్టిక్ అసోసియేషనే చెప్పింది. వచ్చిన ప్రతివాళ్ళకూ ఎక్స్‌రే తీసి, "చూడండి మీ వెన్ను ఎలా ఒంగిపోయిందో" అని భయపెట్టే చోట్లు ఉన్నాయి. ఇక్కడ ఒక లెక్క గుర్తుపెట్టుకోండి. ఏ నొప్పీ లేని మనుషుల స్కాన్‌లు చూసిన పరిశోధనల్ని కలిపి 2015లో లెక్కేస్తే, 20 ఏళ్ళవాళ్ళలో 37 శాతం మందికి డిస్క్ (వెన్నుపూసల మధ్య ఉండే మెత్త) అరుగుదల కనిపించింది, 80 ఏళ్ళవాళ్ళలో 96 శాతం మందికి. డిస్క్ బల్జ్, అంటే డిస్క్ బయటికి ఉబ్బడం, 20 ఏళ్ళకే 30 శాతం మందిలో ఉంది. వాళ్ళంతా హాయిగా తిరుగుతున్నవాళ్ళే. రిపోర్టులో 'బల్జ్' అని చూసి మీ వెన్ను విరిగిపోయినట్టు దిగులుపడకండి. ఆ దిగులే మనిషిని కదలకుండా చేస్తుంది.

మీరు నడుం నొప్పితో వెళ్తే మెడ తిప్పాల్సిన పని లేదు. ముందే స్పష్టంగా చెప్పండి: "నన్ను అడగకుండా మెడ ముట్టుకోవద్దు." మెడ నొప్పితోనే వెళ్ళినా, వేగంగా తిప్పే పద్ధతికి బదులు నెమ్మదిగా చేసే మొబిలైజేషన్, వ్యాయామాలు అడగవచ్చు. నేను మెడకు వేగంగా తిప్పించుకోను. ఇది నా సొంత నిర్ణయం.

పురుడు పోయడానికో, మనవళ్ళను చూసుకోవడానికో ఇక్కడికొచ్చిన అమ్మలు, అత్తయ్యలు పిల్లల్ని ఎత్తుకుని ఎత్తుకుని నడుం పట్టుకుని కూర్చోవడం చాలా ఇళ్ళలో చూస్తున్నాను. "నాకు తగ్గింది కదా, అమ్మనూ తీసుకెళ్దాం" అనిపిస్తుంది. తొందరపడకండి. అరవై దాటిన ఆడవాళ్ళలో ఎముకలు గుల్లబారి ఉండొచ్చు. వాళ్ళకు గట్టిగా ఒత్తే పద్ధతి వద్దు. ముందు వాళ్ళ డాక్టర్‌ని అడిగి, అవసరమైతే ఎముకల సాంద్రత పరీక్ష చేయించి, తర్వాతే వెళ్ళాలి. వెళ్ళినా నెమ్మదైన పద్ధతులే అడగాలి.

ఐదో అడుగు: విజిట్లకు లెక్క పెట్టుకోండి

నేను వెళ్ళిన మొదటి క్లినిక్‌లో మూడో విజిట్‌కే 48 విజిట్ల ప్యాకేజీ చేతికిచ్చారు. డబ్బు మొత్తం ముందే కడితే తగ్గింపు. కట్టకపోతే వెన్ను మళ్ళీ పాత స్థితికి వెళ్తుందన్నారు. నొప్పిలో ఉన్న మనిషికి ఆ మాట ఎంత టెన్షన్ పుట్టిస్తుందో నాకు తెలుసు. అక్కడ ఒక్క వ్యాయామం కూడా నేర్పలేదు. నొప్పి తగ్గగానే నేనూ అడగలేదు.

ముందే డబ్బు కట్టి ప్యాకేజీలు కొనకండి. రెండు నుంచి నాలుగు వారాల గడువు పెట్టుకోండి. వారానికి రెండుసార్లు చొప్పున ఆరు విజిట్లయ్యేసరికి స్పష్టమైన తేడా కనిపించాలి. తేడాను జ్ఞాపకానికి వదిలేయకుండా ఒక నోట్‌బుక్‌లో రాసుకోండి. నేను రాసుకున్నవి నాలుగు: కుర్చీలో ఎంతసేపు కూర్చోగలిగాను, సాక్సులు వేసుకోవడానికి వంగగలిగానా, రాత్రి ఎన్నిసార్లు మెలకువ వచ్చింది, పదికి నొప్పి ఎంత. ఆరు విజిట్లయ్యాక మొదటి పేజీ, చివరి పేజీ పక్కపక్కన పెట్టి చూస్తే నిర్ణయం తేలికవుతుంది. మారకపోతే ఆపేసి ఆర్థోపెడిక్ డాక్టర్‌నో ఫిజియోథెరపిస్టునో కలవండి.

చికిత్స తర్వాత ఒకటి రెండు రోజులు కాస్త సలుపు మామూలే. కాల్లో కొత్తగా తిమ్మిరి, బలహీనత వస్తే మామూలు కాదు.

ఆరో అడుగు: మధ్య రోజులే మందు

2016లో ఒక పెద్ద సమీక్ష వచ్చింది. నడుం నొప్పి రాకుండా ఏది ఆపుతుందని 21 ప్రయోగాల్లో 30,850 మంది మీద చేసిన పనిని కలిపి చూశారు. వ్యాయామం, దానికి తోడు నడుం గురించిన అవగాహన, ఈ రెండూ కలిస్తే నొప్పి వచ్చే ముప్పు 45 శాతం తగ్గింది. వ్యాయామం ఒక్కటే అయితే 35 శాతం. నడుం బెల్టులు, బూట్లలో పెట్టుకునే మెత్తలు నివారణకు పనికిరాలేదు. మన ఇళ్ళలో నలభై దాటగానే కొనే మొదటి వస్తువు ఆ బెల్టే.

నడకతో మొదలుపెట్టండి. 2024లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో వచ్చిన ఆస్ట్రేలియా ప్రయోగం ఈ మధ్య నేను చదివినవాటిలో నాకు అన్నిటికంటే ధైర్యమిచ్చింది. నడుం నొప్పి వచ్చి తగ్గిన 701 మందిని తీసుకున్నారు. కొందరికి ఫిజియోథెరపిస్టు సాయంతో నడక కార్యక్రమం ఇచ్చారు. కొద్దికొద్దిగా పెంచుకుంటూ ఆరు నెలలకు వారంలో ఐదు రోజులు, రోజుకు 30 నిమిషాలు చేరుకోవాలన్నది లక్ష్యం. నడవనివాళ్ళకు సగటున 112 రోజులకే నొప్పి తిరగబెడితే, నడిచినవాళ్ళకు 208 రోజులు పట్టింది. చెప్పులు తప్ప వేరే ఖర్చు లేదు. మొదటి వారం పది నిమిషాలు చాలు. వేగం ఎంతంటే, మాట్లాడగలగాలి, పాట పాడలేకపోవాలి.

తర్వాత నడుం చుట్టూ బలం. కెనడాలోని వాటర్లూ యూనివర్సిటీలో దశాబ్దాలపాటు వెన్ను మీద పనిచేసిన స్టువర్ట్ మెక్‌గిల్ సూచించిన మూడు వ్యాయామాలు నేను రోజూ చేస్తాను. పన్నెండు నిమిషాల పని.

మొదటిది: వెల్లకిలా పడుకుని ఒక మోకాలు మడవండి, రెండోది చాపి ఉంచండి. రెండు అరచేతులూ నడుం కింది ఒంపులో పెట్టండి. నడుం నేలకు అదమకుండా, గడ్డం ఛాతీకి ఆనించకుండా, తలను భుజాలను ఒక అంగుళం లేపి 10 సెకన్లు ఆపండి. జిమ్‌లో చేసే సిటప్ కాదిది, అంత పైకి లేవకూడదు.

రెండోది: పక్కకు తిరిగి మోచేతి మీద ఆనుకుని తుంటి పైకి లేపండి. మొదట్లో మోకాళ్ళు మడిచి చేయండి, బలం వచ్చాక కాళ్ళు చాపి. రెండు పక్కలా 10 సెకన్ల చొప్పున.

మూడోది: చేతులు, మోకాళ్ళ మీద ఉండి కుడిచేయి ముందుకు, ఎడమకాలు వెనక్కి చాపండి. నడుం మీద గ్లాసు నీళ్ళు పెట్టినా తొణకనంత నిలకడగా ఉండాలి. తర్వాత రెండో వైపు.

ప్రతిదీ ఆరుసార్లు, కాస్త ఆగి నాలుగుసార్లు, మళ్ళీ ఆగి రెండుసార్లు. నొప్పి పెరిగితే సంఖ్య తగ్గించండి. మొదటిసారి మాత్రం మీ చికిత్సకుల ముందే చేసి చూపించండి. నేను మూడోదాన్ని రెండు నెలలు తప్పుగా చేశాను, ఎవరూ చూడలేదు కాబట్టి.

పొద్దున్నపూట జాగ్రత్త. రాత్రంతా పడుకుంటే డిస్కులు నీళ్ళు పీల్చుకుని ఉబ్బుతాయి. పొద్దున మనం రాత్రికంటే ఒక సెంటీమీటరుకు పైగా పొడవుంటాం. అలా ఉబ్బి ఉన్నప్పుడు ముందుకు వంగితే డిస్కుల మీద ఒత్తిడి ఎక్కువ. పొద్దున్నే వంగడం తగ్గించుకున్న దీర్ఘకాలిక రోగులకు నొప్పి తగ్గిందని 1998లోనే ఒక ప్రయోగం చూపించింది. మన ఆడవాళ్ళ దినచర్య సరిగ్గా దీనికి ఎదురు. లేవగానే వాకిలి ఊడవడం, కళ్ళాపి, నడుం వంచి ముగ్గు. నొప్పి ఉన్నన్నాళ్ళు చీపురు పొడవాటి కర్రది తీసుకోండి, ముగ్గు చిన్న పీట మీద కూర్చుని వేయండి, లేదంటే ఆ పని ఒక గంట వెనక్కి జరపండి. నిద్ర లేవగానే సూర్య నమస్కారాలు చేసేవాళ్ళకూ ఇదే మాట. ముందు కాసేపు నడిచి రండి.

బరువులు ఎత్తేటప్పుడు వంగాల్సింది తుంటి దగ్గర, నడుం దగ్గర కాదు. గోడకు అడుగు దూరంలో వీపు పెట్టి నిలబడి, మోకాళ్ళు కొద్దిగా మడిచి, పిరుదులతో గోడను తాకడానికి ప్రయత్నించండి. ఆ వంపే సరైన వంపు. పదిసార్లు చేస్తే ఒంటికి అలవాటవుతుంది. గ్యాస్ సిలిండర్‌లో గ్యాసే 14.2 కిలోలు, ఖాళీ సిలిండర్ బరువు కలిపితే దాదాపు 30 కిలోలు. దాన్ని ఎత్తకండి, వాలుగా వంచి అంచు మీద దొర్లించండి. 20 లీటర్ల నీళ్ళ క్యాన్ ఎత్తి, తిరిగి, డిస్పెన్సర్ మీద బోర్లించడం నడుముకు మహా చెడ్డ పని, ఎందుకంటే వంగడం, తిరగడం, బరువు మూడూ ఒకేసారి. క్యాన్ కిందే ఉంచి పైన పంపు బిగించుకుంటే ఆ బాధే లేదు.

కూర్చునే పని ఉన్నవాళ్ళు వేల రూపాయల కుర్చీ కొనడానికి ముందు అరగంటకోసారి లేవడం అలవాటు చేసుకోండి. నేను ఫోన్ కాల్స్ అన్నీ నిలబడి మాట్లాడతాను. నీళ్ళకు పెద్ద బాటిల్ మానేసి చిన్న గ్లాసు పెట్టుకున్నాను, నింపుకోవడానికి లేవక తప్పదు. బైక్, కారు నడిపేటప్పుడు వెనక జేబులో పర్సు తీసేయండి.

పడక గురించి పెద్దవాళ్ళు "నేల మీద పడుకో, సర్దుకుంటుంది" అంటారు. 2003లో స్పెయిన్‌లో 313 మంది మీద చేసిన ప్రయోగంలో మరీ గట్టి పరుపు కంటే మధ్యస్థంగా గట్టిగా ఉన్న పరుపే దీర్ఘకాలిక నడుం నొప్పికి మేలని తేలింది. పక్కకు తిరిగి పడుకుంటే మోకాళ్ళ మధ్య ఒక దిండు పెట్టుకోండి.

ఏడో అడుగు: మెయింటెనెన్స్ విజిట్లు కావాలా

నొప్పి లేనప్పుడు కూడా నెలకో, రెండు నెలలకో వెళ్ళడం అవసరమా? ఆ 48 విజిట్ల ప్యాకేజీ చూశాక నేనైతే ఇదంతా వ్యాపారమే అనుకున్నాను. తర్వాత 2018లో స్వీడన్ నుంచి వచ్చిన పరిశోధన చదివి అభిప్రాయం కొంత మార్చుకున్నాను. నడుం నొప్పి మాటిమాటికీ వచ్చేవాళ్ళు, మొదటి చికిత్సకు బాగా స్పందించినవాళ్ళు 328 మందిని రెండు గుంపులు చేశారు. ఒక గుంపు ముందే అనుకున్న తేదీల్లో వెళ్ళింది, రెండోది నొప్పి వచ్చినప్పుడే వెళ్ళింది. 52 వారాల్లో మొదటి గుంపుకు ఇబ్బందిపెట్టే నొప్పి రోజులు 12.8 తగ్గాయి. అదనంగా పట్టినవి సగటున 1.7 విజిట్లే.

ఈ ఫలితాన్ని జాగ్రత్తగా చదవాలి. ఎప్పుడూ నొప్పి లేనివాళ్ళు ముందుజాగ్రత్తగా వెళ్ళమని ఇది చెప్పలేదు. మొదటి చికిత్సతో గుణం కనిపించనివాళ్ళ గురించీ చెప్పలేదు. పైగా ఏడాది మొత్తానికి ఆ తేడా రెండు విజిట్లలోపే, నలభై ఎనిమిది కాదు. ఏడాదికి మూడు నాలుగుసార్లు పట్టేస్తుంటే, మొదటి ఆరు విజిట్లలో మీ నోట్‌బుక్ మంచి ఫలితం చూపిస్తే, ఒకటి నుంచి మూడు నెలలకోసారి వెళ్ళి చూడండి. ఏడాది తర్వాత మళ్ళీ నోట్‌బుక్ తెరవండి. నేను ఇప్పుడు పది వారాలకోసారి వెళ్తున్నాను. ఆ అరగంటలో సగం సేపు ఆయన నా వ్యాయామాలే చూసి సరిచేస్తాడు. నా వరకు ఆ సగమే ఎక్కువ విలువైనది.

ఎనిమిదో అడుగు: మళ్ళీ పట్టేసిన రోజు

ఇవన్నీ చేసినా ఎప్పుడో ఒకసారి పట్టేయొచ్చు. కిందటి సంక్రాంతికి నాకూ పట్టేసింది. అప్పుడు చేయాల్సింది ముందే రాసి ఫ్రిజ్ మీద అంటించుకోండి, ఎందుకంటే ఆ నొప్పిలో ఏదీ గుర్తురాదు.

ముందు మొదటి అడుగులో చెప్పిన ప్రమాద సూచనలు ఉన్నాయేమో చూసుకోండి. లేకపోతే వెల్లకిలా పడుకుని పిక్కలు కుర్చీ మీద పెట్టి పదిహేను నిమిషాలు నెమ్మదిగా ఊపిరి తీయండి. వేడినీళ్ళ కాపడం పెట్టండి, చర్మం కాలకుండా మధ్యలో తువ్వాలు ఉంచండి. లేవాల్సి వస్తే పక్కకు ఒరిగి, చేతుల మీద బలం పెట్టి లేవండి. ఆ రోజే, గంటకోసారి ఇంట్లోనే రెండు నిమిషాలు నడవండి. రోజుల తరబడి మంచం మీదే ఉంటే కోలుకోవడం ఆలస్యమవుతుంది. ఎవరి చేతా తొక్కించుకోవద్దు, బరువెత్తొద్దు. రెండు మూడు రోజుల్లో నడక కుదుటపడకపోతే అపాయింట్‌మెంట్ తీసుకోండి. కాల్లో బలం తగ్గుతుంటే మాత్రం ఆ గడువు చూడకుండా ఆ రోజే డాక్టర్ దగ్గరకు వెళ్ళండి.

సంక్రాంతికి పట్టేసినప్పుడు నాలుగో రోజుకు మళ్ళీ పది నిమిషాల నడకతో మొదలుపెట్టాను. మూడో వారానికి అరగంటకు చేరుకున్నాను.